దోసెడు గింజలు

బోరా గాలి లేచిన పూట
ట్రియెస్తేలో మనుషులు గోడలు పట్టుకుని నడుస్తారు.
అలాంటి పూటే వచ్చాడు ఎజిడియో పెర్తోత్,
గుండెనొప్పి సంగతి తర్వాత చెప్పి
ముందు టోపీ సంగతి చెప్పాడు:
ఆసుపత్రి మలుపులో ఎగిరిపోయిందట,
బూడిదరంగుది, లోపల ఎర్ర పట్టీ.

డాక్టర్లు తెర మీద ధమనులు చూస్తారు.
నేను పక్క గదిలో గళ్లు నింపుతాను.
వయసు డెబ్బై ఆరు. చక్కెర ఉంది.
మూత్రపిండాలు సగం మనసుతో పనిచేస్తున్నాయి.
ఎడమ ధమని రెండుగా చీలే చోట ఇరుకు,
దాని చుట్టూ సున్నం,
పాత కెటిల్ అడుగున పేరుకున్నట్టు.
గడికి కొన్ని పాయింట్లు.
ఆఖరి మీట నొక్కితే
ముప్పై నాలుగు.

"అంటే?" అన్నాడు.

అంటే, మీలాంటివాళ్లు వందమంది ఈ బల్ల మీద పడుకుంటే
మూడేళ్లకి ఇరవైమంది ఉండరు.
ఎనభై ముందు చెప్పాలని మాకు శిక్షణలో నేర్పారు.
నా నోటికి ఎప్పుడూ ఇరవయ్యే ముందొస్తుంది.

ఆయన బెదరలేదు. లేచి కూర్చోబోయాడు, తీగలు లాగాయి.
"నలభై ఒక్క ఏళ్లు రేవులో కాఫీ బస్తాలు చూశానమ్మా.
శాంతోస్ నుంచి, మొంబాసా నుంచి, జిబూటీ నుంచి.
బస్తా విప్పం. బోలుగొట్టం ఒకటి గోనెలోకి పొడుస్తాం,
దోసెడు గింజలు జారి చేతిలో పడతాయి.
గోటితో రెండుసార్లు గీకితే
గోనె తన బొక్క తనే మూసుకుంటుంది.
మూడొందల గ్రాములు నల్లగుడ్డ మీద పోసి
పురుగు తొలిచినవీ, పులిసినవీ, విరిగినవీ ఏరి
కాగితం మీద ఒక అంకె వేసేవాణ్ణి.
ఆ అంకెతో ఓడ మొత్తానికీ ధర."

మెతుకు పట్టి చూడటమే, అనుకున్నాను.
"ఎప్పుడైనా తప్పిందా?"

"ఓడ గురించి తప్పలేదు.
గింజ గురించి నేనెప్పుడూ చెప్పలేదు."

మణికట్టులో సూది దిగుతుంటే నవ్వాడు,
"అయితే నన్నూ పొడుస్తున్నారన్నమాట."
రెండు స్టెంట్లు. గురువారం ఇంటికి వెళ్తూ
తప్పిపోయిన వస్తువుల గదిలో టోపీ అడిగాడు.

ఆ వారమే నెరీనా విస్కోవిచ్.
యాభై ఎనిమిదేళ్లు, అంకె తొమ్మిది.
బల్ల మీద పడుకునే
వంటింటికి ఏ రంగు వెయ్యాలో నన్ను సలహా అడిగింది.
పసుపన్నాను.
పన్నెండో రోజు పోయింది.

కూతురు వచ్చింది, మేమిచ్చిన కాగితం మడతలు విప్పుకుని.
"తక్కువ అని రాశారు. ఇదిగో, మీ చేతిరాతే."
నా చేతిరాతే.
వందలో ఒకరు అని రాసినప్పుడు
ఆ ఒకరికి ఒక కూతురుంటుందని
నా పెన్నుకి తోచలేదు.
అంకె తప్పలేదు.
ఆ ముక్కే ఆమెతో అనలేకపోయాను.
కుర్చీ జరిపాను. గ్లాసుతో నీళ్లిచ్చాను.
ఆమె వేళ్లకి పసుపు రంగు మరకలు,
పెయింటు తనే వేసినట్టుంది.
అప్పట్నుంచి గళ్లు నింపేటప్పుడు
ఒక్క క్షణం ఆగుతాను. దానివల్ల అంకె మారదు.
ఆ క్షణానికి పాయింట్లు లేవు.

ఏడాది తిరిగాక రిజిస్టరు అందరి గురించీ అడుగుతుంది.
రెండు గళ్లే: ఉన్నారు, లేరు.
నెరీనా గడి నింపడం క్షణం పని.
ఫోన్ తీసి పెర్తోత్ నంబరు నొక్కాను.
ఐదు రింగులు. ఆరు.
కిటికీ అద్దం గాలికి గణగణమంటోంది.
ఏడో రింగుకి దగ్గు వినిపించింది, తర్వాత గొంతు:

"ఎనభైలోనా ఇరవైలోనా అని కదా?
ఇంకా గుడ్డ మీదే ఉన్నాను, ఏరెయ్యలేదు.
పైన అపార్ట్‌మెంటుకి మెట్లెక్కితే మాత్రం
రెండో అంతస్తులో ఆగి
ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నటిస్తాను."

గడిలో టిక్కు పెట్టాను.
టోపీ గురించి అడగడానికి గడి లేదు.
అడిగాను.

దొరకలేదట.
కొత్తది కొన్నాడట, కాస్త బిగుతుగా.